అయస్కాంతం చెప్పిన కారు కథ

చాలా ఏళ్ల క్రితం మా బడిలో పదో తరగతి చదివి, ఇప్పుడు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న ఒక పాత విద్యార్థి నుంచి నాకు ఉత్తరం వచ్చింది. ఉత్తరంతోపాటు అక్కడి పత్రికలోంచి కత్తిరించిన ఒక ప్రకటన కూడా ఉంది. దాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

“అమ్మకానికి ఒక పాత కారు. 1957 నాటి ఎం.జి.ఎ. రెండు సీట్లు. టాపు మడిచి పెట్టుకోవచ్చు. ఇంజను 1489 సి.సి. రెండు కార్బురేటర్లు. స్పోకుల చక్రాలు. కొత్తగా ఎర్ర రంగు వేయించాము. తుప్పు లేదు.”

కింద మా వాడు రెండు వాక్యాలు రాశాడు. “మాస్టారూ, నాలుగేళ్లుగా దాచిన డబ్బంతా దీనికే సరిపోతుంది. కొనమంటారా?”

నేను సైన్సు మాస్టారిని గాని కార్ల వ్యాపారిని కాను. ఆ కారును నేను కళ్లారా చూసింది కూడా లేదు. అయినా ఆ ప్రకటనను నాలుగుసార్లు చదివేసరికి నాకొకటి తోచింది. అందులోని ప్రతి మాట వెనుకా మన పాఠ్యపుస్తకంలోని ఒక పాఠం ఉంది. దానిని తరగతికి తీసుకువెళ్లి చదివి వినిపించాను.

ముందు బెంచీలో ఒక అబ్బాయి, “ఎం.జి. అంటే చైనా కంపెనీ కదండీ?” అన్నాడు. వెనుక నుంచి ఒక అమ్మాయి లేచి, “కాదండీ, మా మామయ్య కారు గుజరాత్‌లో తయారైంది” అంది. ఇద్దరూ చెప్పింది అబద్ధం కాదు. కాని ఆ రెండక్షరాలు పుట్టింది చైనాలోనూ కాదు, గుజరాత్‌లోనూ కాదు. కాబట్టి ముందు ఆ కథ తెలుసుకుందాం.

సైకిళ్ల షాపు నుంచి కార్ల దాకా

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పట్టణంలో విలియం మోరిస్ అనే యువకుడు సైకిళ్లు బాగుచేస్తూ జీవితం మొదలుపెట్టాడు. తరువాత మోటారు సైకిళ్లు, ఆ తరువాత కార్లు. 1913లో ఆయన మోరిస్ ఆక్స్‌ఫర్డు అనే చిన్న కారును తయారుచేశాడు. కార్లు అమ్మడానికీ, బాగుచేయడానికీ ఆయనకు వేరే ఒక సంస్థ ఉండేది. దాని పేరు మోరిస్ గరాజెస్. ఈ రెండు మాటల మొదటి అక్షరాలే ఎం.జి.

1921లో సెసిల్ కింబర్ అనే ఆయన ఆ గరాజులో అమ్మకాల అధికారిగా చేరాడు. మరుసటి ఏడాదికే మేనేజరయ్యాడు. మామూలు మోరిస్ కారు చట్రాన్నే తీసుకొని, దాని మీద తేలికైన, అందమైన బాడీ కట్టించి, ఇంజనును కాస్త సవరించి అమ్మితే ఎలా ఉంటుందని ఆయన ఆలోచించాడు. అలా తయారైన కార్లకు ఎనిమిది పలకల చట్రంలో ఎం.జి. అనే అక్షరాలు పెట్టాడు. 1925లో తాను ప్రత్యేకంగా కట్టించిన ఒక కారును ల్యాండ్స్ ఎండ్ పోటీలో నడిపి బంగారు పతకం గెలిచాడు.

గిరాకీ పెరిగింది. 1929లో ఎం.జి. సంస్థ ఆక్స్‌ఫర్డు దగ్గరి ఆబింగ్డన్ అనే చిన్న ఊరిలో, పాత తోళ్ల ఫ్యాక్టరీ ఆవరణలోకి మారింది. అదేమీ బ్రహ్మాండమైన యంత్రాలున్న కర్మాగారం కాదు. ఇంజన్లు ఒకచోటి నుంచి, బాడీలు మరొకచోటి నుంచి వచ్చేవి. ఆబింగ్డన్ పనివాళ్లు వాటిని బిగించి, కారును చేత్తో తోసుకుంటూ ఒక మజిలీ నుంచి మరో మజిలీకి తీసుకువెళ్లేవారు.

కింబర్ కథ మాత్రం సుఖాంతం కాలేదు. 1935లో మోరిస్ ఈ సంస్థను తన పెద్ద కంపెనీలో కలిపేశాడు. పందాల విభాగాన్ని మూసేశారు. 1941లో కింబర్‌ను ఉద్యోగం నుంచి తప్పించారు. 1945 ఫిబ్రవరి 4న ఆయన లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషనులో రైలెక్కాడు. స్టేషను దాటగానే ఎత్తుగా ఎక్కే సొరంగం ఉంది. అక్కడ కొత్తగా మార్చిన పట్టాల మీద ఇంజను చక్రాలు జారాయి. చక్రాలు తిరుగుతున్నా బండి ముందుకు పోవడం లేదు. చీకటిలో అది మెల్లగా వెనక్కు దొర్లుతున్నదని డ్రైవరుకు తెలియలేదు. ఆ ప్రమాదంలో ఇద్దరు చనిపోయారు. వారిలో కింబర్ ఒకరు. ఘర్షణ వేగానికి శత్రువని మనం పుస్తకంలో చదువుకుంటాం. కాని ఘర్షణ లేకపోతే ఏ చక్రమూ బండిని ముందుకు నడపలేదు. ఈ సంగతి మరచిపోకండి.

డ్రైవరు ఎందుకు ఎత్తుగా కూర్చున్నాడు?

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పుల్లో మునిగి ఉంది. విదేశాలకు సరుకు అమ్మితేనే ఫ్యాక్టరీలకు ఉక్కు దొరికే రోజులు. 1945లో ఆబింగ్డన్‌లో తయారైన టి.సి. అనే చిన్న కారూ, తరువాత వచ్చిన టి.డి. అనే కారూ అమెరికాలో బాగా అమ్ముడయ్యాయి. కాని వాటి ఆకారం 1930ల నాటిదే. నిలువుగా నిలబడిన ముందు భాగం, విడివిడిగా మడ్‌గార్డులు, బయటికి పొడుచుకువచ్చిన దీపాలు. గాలిలో ఒక బీరువాను నెట్టుకుపోతున్నట్లే ఉండేది.

1951లో ఫ్రాన్సులోని లె మాన్ పందెం కోసం ఆబింగ్డన్ ఇంజనీరు సిడ్ ఎనెవర్ టి.డి. చట్రం మీద నున్నటి, గుండ్రటి బాడీ ఒకటి కట్టించాడు. కారు వేగం పెరిగింది. కాని ఒక లోపం బయటపడింది. ఆ చట్రంలోని రెండు పొడుగు కమ్మీలూ దగ్గర దగ్గరగా ఉండడం వల్ల డ్రైవరు సీటును కిందికి దించడానికి చోటు లేదు. కాబట్టి బాడీ ఎంత నున్నగా ఉన్నా డ్రైవరు తలా, భుజాలూ గాలికి అడ్డుగా పైకి నిలిచేవి.

ఎనెవర్ ఏం చేశాడు? కమ్మీలను రెండు పక్కలకూ జరిపి కొత్త చట్రం గీశాడు. ఇప్పుడు సీటు కమ్మీల మీద కాక, వాటి మధ్యలో దిగింది. డ్రైవరు కిందికి దిగాడు. కారు మొత్తం కిందికి దిగింది. గాలికి అడ్డం తగ్గింది. గురుత్వ కేంద్రం కూడా దిగింది కాబట్టి మలుపుల్లో నిలకడ పెరిగింది. ఒక చిన్న మార్పుతో రెండు లాభాలు!

అయినా ఈ కారు వెంటనే బయటికి రాలేదు. 1952లో మోరిస్ వారి సంస్థ, ఆస్టిన్ సంస్థ కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్‌గా ఏర్పడ్డాయి. దాని అధిపతి లెనర్డ్ లార్డ్ అప్పటికే ఆస్టిన్-హీలీ అనే మరో ఓపెన్ కారుకు ఒప్పుకొని ఉన్నాడు. రెండోది అక్కరలేదన్నాడు. పాత ఆకారంతోనే టి.ఎఫ్. అనే కారుతో ఆబింగ్డన్ వారు కాలం గడిపారు. దాని అమ్మకాలు పడిపోయాక గాని అనుమతి రాలేదు. చివరికి 1955 సెప్టెంబరులో కొత్త కారు బయటికి వచ్చింది. అదే మా వాడు కొనాలనుకుంటున్న ఎం.జి.ఎ.

గాలితో పందెం: ఒక లెక్క

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి.

కారు మీద గాలి కలిగించే నిరోధ బలం వేగ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపయితే నిరోధం నాలుగు రెట్లవుతుంది. సామర్థ్యం అంటే బలం, వేగం రెండింటి లబ్ధం. కాబట్టి గాలిని నెట్టడానికి కావలసిన సామర్థ్యం వేగ ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

పాత టి.ఎఫ్. 1500 కారు ఇంజను 63 అశ్వసామర్థ్యం ఇచ్చేది. దాని గరిష్ఠ వేగం గంటకు సుమారు 137 కిలోమీటర్లు. కొత్త ఎం.జి.ఎ. ఇంజను మొదట్లో 68 అశ్వసామర్థ్యం ఇచ్చింది. దాని గరిష్ఠ వేగం సుమారు 155 కిలోమీటర్లు.

పాత ఆకారంతోనే 155 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే ఎంత సామర్థ్యం కావాలి? 155ను 137తో భాగిస్తే 1.13. దాని ఘనం సుమారు 1.45. అంటే 63 × 1.45, ఇంచుమించు 91 అశ్వసామర్థ్యం కావాలన్నమాట. కాని ఉన్నది 68 మాత్రమే. మిగిలిన 23 ఎక్కడి నుంచి వచ్చాయి? ఎక్కడి నుంచీ రాలేదు. వాటి అవసరమే లేకుండా పోయింది. ఆ పని బాడీ ఆకారం చేసింది.

టైర్ల ఘర్షణను మనం లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా సంగతి స్పష్టం. ఆకారం మారకుండా కొత్త ఇంజను ఒక్కటే పెట్టి ఉంటే వేగం మహా అయితే మూడు నాలుగు కిలోమీటర్లు పెరిగేది. ఇంజను బలం పెంచడం ఒక దారి. అడ్డం తగ్గించడం ఇంకొక దారి. రెండోది తరచుగా చవక.

1489 అనే అంకె మనకు కొత్త కాదు

ప్రకటనలో “ఇంజను 1489 సి.సి.” అని ఉంది. ఇది నాలుగు సిలిండర్ల ఇంజను. ఒక్కొక్క సిలిండరు వ్యాసం 7.3025 సెంటీమీటర్లు. పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం, అంటే స్ట్రోకు, 8.89 సెంటీమీటర్లు. స్థూపం ఘనపరిమాణం కనుక్కొనే సూత్రం మీకు తెలుసు.

వ్యాసార్ధం 3.65125. దాని వర్గం సుమారు 13.33. దాన్ని 3.1416తో గుణిస్తే 41.88 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 8.89తో గుణిస్తే 372.3 ఘన సెంటీమీటర్లు. నాలుగు సిలిండర్లకు 1489. అంకె సరిపోయిందా!

ఇక అసలు విశేషం. ఈ కొలతలున్న ఇంజను మన దేశంలో లక్షల మంది ఎక్కిన కారులో కూడా ఉండేది. అదే అంబాసిడర్. కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు తయారుచేసిన అంబాసిడర్‌కు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడో శ్రేణి కారు. 1959 నుంచి దానికి బి-సిరీస్ అనే 1489 సి.సి. ఇంజను పెట్టారు. ఎం.జి.ఎ.లో ఉన్నదీ ఆ బి-సిరీస్ కుటుంబంలోని ఇంజనే. ఒక తల్లి పిల్లలే. ఒకరు పందాలకు పోయారు, ఒకరు టాక్సీ స్టాండులో, కలెక్టరాఫీసు ముందు నిలబడ్డారు.

మరి అంబాసిడర్ ఇంజను 55 అశ్వసామర్థ్యం దగ్గర ఆగిపోతే ఎం.జి.ఎ. ఇంజను 68, కొద్దికాలంలోనే 72 ఎలా ఇచ్చింది? సిలిండరు కొలత ఒకటే అయినప్పుడు ఎక్కువ పని చేయించాలంటే దారులు మూడు. ఒకటి, ప్రతి స్ట్రోకులోనూ ఎక్కువ గాలి, పెట్రోలు లోపలికి పంపాలి. రెండు, ఆ మిశ్రమాన్ని ఇంకా గట్టిగా నొక్కి, అంటే సంపీడన నిష్పత్తి పెంచి, మండించాలి. మూడు, నిమిషానికి ఎక్కువసార్లు తిరగనివ్వాలి. ఎం.జి.ఎ.లో ఈ మూడూ చేశారు.

మొదటి పనికి ఉపయోగపడ్డవే రెండు కార్బురేటర్లు. ఒక ఇరుకు సందులోంచి గాలి వేగంగా పోతే అక్కడ పీడనం తగ్గుతుంది. ఇది బెర్నూలీ సూత్రం. పీడనం తగ్గినచోటికి సన్నని రంధ్రంలోంచి పెట్రోలు పైకి లేచి గాలిలో కలుస్తుంది. ఈ కారులోని ఎస్.యు. కార్బురేటరులో ఇంకొక తమాషా ఉంది. గాలి దారికి అడ్డంగా పైకీ కిందికీ జరిగే ఒక మూత ఉంటుంది. ఇంజను ఎక్కువ గాలి పీల్చినప్పుడు ఆ మూత దానంతటదే పైకి లేస్తుంది. దాని అడుగున కొన దేరిన సూది ఒకటి బిగించి ఉంటుంది. మూత లేచిన కొద్దీ సూది రంధ్రంలోంచి పైకి వచ్చి పెట్రోలుకు ఎక్కువ దారి ఇస్తుంది. గాలి ఎంతో పెట్రోలు అంత. మనం ముట్టుకోకుండానే పాళ్లు కుదురుతాయి.

బరువు సంగతి కూడా చూడండి. ఎం.జి.ఎ. బరువు సుమారు 900 కిలోలు. అంబాసిడర్ సుమారు 1100 కిలోలు, అదీ మనుషులు ఎక్కక ముందు. టన్నుకు లెక్కవేస్తే ఎం.జి.ఎ.కు 75 అశ్వసామర్థ్యం, అంబాసిడర్‌కు 50. అందుకే ఒకటి ఉరికింది, ఒకటి నింపాదిగా నడిచింది. దీన్నిబట్టి అంబాసిడర్‌ను తక్కువ చేయకూడదు. గుంటల రోడ్ల మీద ఆరుగురినీ, వారి సామాన్లనూ మోయడం దాని పని. ఏ పనికి తగిన అమరిక ఆ పనికి.

ఈ ఇంజను శక్తికి హద్దు ఎక్కడో చూద్దామని ఆబింగ్డన్ వారు నీటిబొట్టు ఆకారంలో ఒక ప్రత్యేక వాహనం కట్టారు. బి-సిరీస్ ఇంజనునే ఆధారం చేసుకొని, పైభాగం మార్చి, గాలిని బలవంతంగా లోపలికి కొట్టే సూపర్‌చార్జరు బిగించారు. 1957లో అమెరికాలోని బాన్‌విల్ ఉప్పు మైదానం మీద స్టర్లింగ్ మాస్ దాన్ని గంటకు 395 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. అప్పుడూ దాని సిలిండర్ల ఘనపరిమాణం 1489 సి.సి.యే!

“తుప్పు లేదు” అన్న మాట

ఇక ప్రకటనలోని ఆఖరి మాట. మా వాడి నాలుగేళ్ల పొదుపు ఆధారపడింది దీనిమీదే.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ, ఆక్సిజనూ రెండూ కావాలి. నీటిలో ఉప్పు కలిస్తే అది విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. అప్పుడు లోహం ఉపరితలం మీద చిన్న చిన్న విద్యుత్ ఘటాలు ఏర్పడి తుప్పు త్వరగా పడుతుంది. ఇంగ్లండులో చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రాల నుంచి ఎగిరి కారు అడుగున చేరుతుంది. ఎం.జి.ఎ.లో తలుపుల కింద పొడుగునా పోయే పెట్టెలాంటి ఉక్కు భాగం ఉంటుంది. దాని లోపల చేరిన బురద ఆరదు. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. లోపలినుంచి ఇనుము అరిగిపోతుంది. అది బలహీనపడితే తలుపులు వాలిపోతాయి. బాగుచేయాలంటే బాడీ అంతా విప్పాలి.

కొన్నిచోట్ల అలా పడ్డ రంధ్రాలను పుట్టీతో పూడ్చి, రుద్ది, రంగు వేస్తారు. కంటికి తేడా కనబడదు. మన ఊళ్లలో టింకరింగ్ పని చేసేవారిని అడగండి, ఇది వారికి బాగా తెలుసు. మరి ఎలా కనిపెట్టాలి? నేను మా వాడికి ఒక్క వాక్యం రాశాను. “ఒక చిన్న అయస్కాంతం, పలుచటి గుడ్డ తీసుకొని వెళ్లు.” గుడ్డ ఎందుకంటే రంగు గీసుకుపోకుండా.

ఆ ఆదివారం రాత్రి ఫోను వచ్చింది. గొంతులో ఆందోళన. “మాస్టారూ, అంతా మోసం! బానెట్టుకు అయస్కాంతం అంటుకోవడం లేదు. తలుపులకు అంటుకోవడం లేదు. వెనుక డిక్కీ మూతకూ అంటుకోలేదు. కారంతా పుట్టీయే!”

“తొందరపడకు. ఆ మూడు చోట్లా రేకు దేనితో చేశారో తెలుసుకున్నావా?” అన్నాను.

బరువు తగ్గించడానికి ఎం.జి.ఎ. బానెట్టునూ, డిక్కీ మూతనూ, తలుపుల పైరేకునూ అల్యూమినియంతో చేశారు. అల్యూమినియాన్ని మన చేతిలోని అయస్కాంతం ఆకర్షించదు. అది మోసం కాదు, మంచి ఇంజనీరింగు. తక్కిన బాడీ ఉక్కు.

మరునాడు వాడు మళ్లీ వెళ్లాడు. ముందు మడ్‌గార్డులకు అయస్కాంతం టక్కున అంటుకుంది. కుడి తలుపు కింది భాగానికీ పొడుగునా అంటుకుంది. ఎడమ తలుపు కింద మాత్రం జానెడు మేర జారిపోయింది. వేలితో తడితే మిగతాచోట్ల ఖంగుమన్న చప్పుడు అక్కడ మొద్దుగా వచ్చింది. అక్కడ ఉండవలసింది ఉక్కు. ఉన్నది ఉక్కు కాదు.

చూశారా! రెండుచోట్లా ప్రయోగ ఫలితం ఒకటే, అయస్కాంతం అంటుకోలేదు. కాని ఒకచోట కారణం అల్యూమినియం, మరొకచోట పుట్టీ. అక్కడ ఏ పదార్థం ఉండాలో ముందుగా తెలిస్తేనే ప్రయోగానికి అర్థం ఉంటుంది. తెలియకపోతే మంచి తలుపును చూసి మోసమని అరుస్తాం, లేదా పుచ్చిన భాగాన్ని చూసి అల్యూమినియమని సరిపెట్టుకుంటాం.

అమ్మే పెద్దమనిషికి కూడా ఆ సంగతి తెలియదట. తాను కొన్నప్పుడే అలా ఉండి ఉంటుందన్నాడట. అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆయన ఎన్నడూ అయస్కాంతం పెట్టి చూడలేదు మరి. మా వాడు ఆ కారు కొనలేదు. డబ్బు బ్యాంకులోనే ఉంది.

ఆబింగ్డన్ ఏమైంది?

1955 నుంచి 1962 వరకు 1,01,081 ఎం.జి.ఎ. కార్లు తయారయ్యాయి. అందులో ప్రతి అయిదింటిలో ఇంచుమించు నాలుగు అమెరికాకే వెళ్లాయి. 1962లో దాని స్థానంలో ఎం.జి.బి. వచ్చింది. దానికి వేరే చట్రం లేదు. బాడీయే చట్రం పని చేస్తుంది. అది అయిదు లక్షలకు పైగా తయారైంది.

కాని ఒకే దేశపు అమ్మకాల మీద ఆధారపడడం ప్రమాదమే. అమెరికాలో కొత్త భద్రతా నియమాలు వచ్చాయి. బంపర్లు ఒక నిర్ణీత ఎత్తులో ఉండాలన్నారు. కొత్త కారు గీయడానికి పెట్టుబడి లేదు. అందువల్ల 1974 చివర్లో పాత కారునే సుమారు ఒకటిన్నర అంగుళం పైకి లేపి, పెద్ద రబ్బరు బంపర్లు తగిలించారు. గురుత్వ కేంద్రం పైకి పోయింది. మలుపుల్లో కారు వాలడం మొదలైంది. 1952లో ఎనెవర్ కష్టపడి దించినదాన్ని మళ్లీ ఎత్తినట్లయింది. పైగా 1979 నాటికి డాలరుతో పోలిస్తే పౌను విలువ పెరిగి, అమెరికాలో అమ్మిన ప్రతి కారు మీదా నష్టం వస్తున్నదని యాజమాన్యం లెక్క చెప్పింది.

1979 సెప్టెంబరులో ఆబింగ్డన్ పనివాళ్లు తమ ఫ్యాక్టరీకి యాభై ఏళ్లు నిండిన పండుగ చేసుకున్నారు. అది ముగిసిన మరునాడు, సెప్టెంబరు 10 సోమవారం నాడు, ఫ్యాక్టరీ మూసేస్తామన్న కబురు వచ్చింది. 1980 అక్టోబరులో చివరి కారు బయటికి వెళ్లింది. కారును చేత్తో తోసుకుంటూ బిగించిన ఆ పనివాళ్ల చేతుల నుంచి పదకొండు లక్షలకు పైగా కార్లు వెళ్లాయి.

పేరు మాత్రం మిగిలింది. అది చేతులు మారుతూ పోయింది. 2005లో బ్రిటన్‌లోని ఎం.జి. రోవర్ సంస్థ దివాలా తీసింది. చైనాలోని నాన్‌జింగ్ సంస్థ దాన్ని కొన్నది. 2007లో అది షాంఘై సంస్థలో కలిసింది. 2019లో గుజరాత్‌లోని హాలోల్‌లో ఎం.జి. పేరుతో కార్లు తయారుకావడం మొదలైంది. మా తరగతిలో ఇద్దరూ చెప్పింది నిజమేనని ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందిగా! ఇక ఇంజను సంగతి. పుట్టినింట్లో 1980లో ఆబింగ్డన్ తలుపులు మూసుకున్నా, 1489 సి.సి. ఇంజను ఉత్తరపారాలో అంబాసిడర్ బానెట్టు కింద ఇంకా ఏళ్ల తరబడి తిరిగింది. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగింది.

మా వాడు ఇంకా కారు వెతుకుతూనే ఉన్నాడు. అయస్కాంతం మాత్రం జేబులో పెట్టుకొని తిరుగుతున్నాడట. మీరేదైనా వస్తువు కొనేటప్పుడు “తుప్పు లేదు”, “కల్తీ లేదు”, “పాడవదు” అన్న మాటలు వింటారు. చెప్పినవారిని అనుమానించనక్కరలేదు. ఆ మాటను మాత్రం పరీక్షించి చూడండి.

చేసి చూడండి

1. నాలుగు గాజు గ్లాసులు, నాలుగు కొత్త ఇనుప మేకులు తీసుకోండి. మొదటి దానిలో మేకును పొడిగా ఉంచండి. రెండో దానిలో బాగా మరగించి చల్లార్చిన నీళ్లు పోసి, మేకు వేసి, పైన నూనె పొర పోయండి. మూడో దానిలో మామూలు నీళ్లు, నాలుగో దానిలో ఉప్పునీళ్లు, మేకు సగం పైకి ఉండేలా పోయండి. వారం రోజులు రోజూ చూసి రాసిపెట్టండి.

2. ఇంట్లోని గిన్నెలు, గరిటెలు, తాళాలు, నాణేలు అయస్కాంతంతో పరీక్షించండి. కొన్ని స్టీలు పాత్రలకు అయస్కాంతం అంటుకోదు. అవి స్టీలు కావని అనగలమా? ఎడమ తలుపు కథ గుర్తు చేసుకొని జవాబు చెప్పండి.

3. ఎం.జి.బి. ఇంజనుకు కూడా నాలుగు సిలిండర్లే. స్ట్రోకు 8.89 సెంటీమీటర్లే. సిలిండరు వ్యాసం మాత్రం 8.026 సెంటీమీటర్లు. దాని ఘనపరిమాణం ఎంత? జవాబు 1800కు దగ్గరగా రావాలి.

4. ఎం.జి.ఎ.లో 6 వోల్టుల బ్యాటరీలు రెండు శ్రేణిలో కలిపి ఉండేవి. మొత్తం ఎన్ని వోల్టులు? వాటిలో ఒక్కటి తెగిపోతే దీపాలు సగం వెలుగుతో వెలుగుతాయా, అసలు వెలగవా? ఎందుకు?